నీటిపై మారే మజిలీలు : ఉష్ణమండల తుఫానులు, విహారనౌకల ప్రయాణక్రమం, పశ్చిమ కర్నూలు ప్రయాణికుడు

వ్యాససంగ్రహం:

తుఫాను అనగానే తీరం, పంట, ఇల్లు, ప్రాణనష్టం మన దృష్టికి వస్తాయి. ప్రయాణం మధ్యలో ఉన్న మనిషి అంతగా గుర్తుకు రాడు. ఉష్ణమండల తుఫానులు విహారనౌకల ప్రయాణక్రమాన్ని ఏ విధంగా మారుస్తాయో, ఆ మార్పు ప్రయాణికుడిపై ఏ రూపంలో పడుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది. ఆ అవగాహన ఆధారంగా సముద్రానికి దూరంగా ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల ప్రయాణికుడి స్థితిని పరిశీలిస్తుంది. 2009 అక్టోబరులో మంత్రాలయంలో చిక్కుకున్న యాత్రికుల అనుభవం, ఏటా కోస్తాకు సుగ్గికి వెళ్లే కూలీల ప్రయాణం ఇందులో ప్రధాన ఉదాహరణలు. తుఫాను హెచ్చరికలోని భాష ఎవరిని ఉద్దేశించి రూపొందిందన్న ప్రశ్నను ఈ వ్యాసం చర్చకు పెడుతుంది.

కీలకపదాలు: తుఫాను, వాయుగుండం, విహారనౌక, ప్రయాణక్రమం, మజిలీ, మంత్రాలయం, సుగ్గి, హెచ్చరిక భాష.

1. ఉపోద్ఘాతం:

ఆదోని బంగాళాఖాతానికి సుమారు 300 కి.మీ. దూరంలో ఉంది. అరేబియా సముద్రం కూడా ఇంచుమించు అంతే దూరం. రెండు సముద్రాల మధ్య, రెంటికీ అందనంత దూరంలో, తక్కువ వర్షపాతం గల నల్లరేగడి నేలమీద ఈ ప్రాంతం నిలిచింది. పత్తి విపణికి ఆదోని, చేనేతకు ఎమ్మిగనూరు పేరుపొందాయి. ఇక్కడివారికి సముద్రం నిత్యానుభవం కాదు. అయినా తుఫాను మాత్రం పరిచితమే. ఆరబెట్టిన పత్తి తడిసినప్పుడు, రోజుల తరబడి ముసురు వదలనప్పుడు, చెన్నై నుంచి రావలసిన రైలు రానప్పుడు సముద్రం ఇక్కడికి వస్తుంది.

తెలుగు సాహిత్యంలో తుఫానులో చిక్కిన ప్రయాణికుడికి ప్రసిద్ధమైన ఉదాహరణ పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' కథ. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథానికల పోటీలో 1952లో ద్వితీయ బహుమతి పొందిన ఈ కథలో, సిద్ధాంతాలతో జీవితాన్ని కొలుచుకున్న రావుగారు రైలు ప్రయాణంలో గాలివానకు చిక్కుతారు. ఒక బిచ్చగత్తె తోడుగా స్టేషన్‌లో ఆ రాత్రి గడుపుతారు. ఈ కథపై వచ్చిన విమర్శ ఎక్కువగా మానవ సంబంధాలు, విలువల సంఘర్షణ చుట్టూ సాగింది. అయితే ఆ సంఘర్షణకు వీలు కల్పించిన పరిస్థితిని కూడా గమనించాలి. ప్రయాణం ఆగిపోవడంతో మనిషి తన ఊరికీ, హోదాకీ, పథకానికీ దూరమయ్యాడు. తుఫాను ప్రయాణికుడిపై చూపే ప్రభావానికి ఇదే కేంద్రం. దీనిని భౌతికంగా అర్థం చేసుకోవడానికి విహారనౌక అనువైన ఉదాహరణ.

2. కొన్ని పదాలు – వాటి పరిధి:

పరిశీలనకు ముందు పదాల పరిధిని నిర్ణయించుకోవడం అవసరం. వ్యవహారంలో 'తుఫాను' అన్న మాట భారీ వానకూ, ఈదురుగాలికీ, అల్పపీడనానికీ కలిపి వాడుతున్నాం. భారత వాతావరణ శాఖ మాత్రం గాలివేగాన్ని బట్టి శ్రేణులను విభజించింది. గాలివేగం గంటకు 31 కి.మీ. కంటే తక్కువైతే అల్పపీడనం, 31 నుంచి 49 వరకు వాయుగుండం, 50 నుంచి 61 వరకు తీవ్ర వాయుగుండం. 62 కి.మీ. దాటితేనే తుఫాను. 89 నుంచి తీవ్ర తుఫాను, 118 నుంచి అతి తీవ్ర తుఫాను. ఆ పైశ్రేణులు కూడా ఉన్నాయి. 222 కి.మీ. గానీ అంతకు మించి గానీ ఉంటే అది సూపర్ సైక్లోన్.

ఈ విభజనలో ప్రమాణం గాలి. వాన కాదు. ఈ అంశం వ్యాసంలో ముందుకు వెళ్లేకొద్దీ కీలకమవుతుంది. ఉత్తర హిందూ మహాసముద్రంలో తుఫానులకు పేర్లు పెట్టే పద్ధతి 2004లో మొదలైంది. తుఫాను శ్రేణికి చేరినదానికే పేరు దక్కుతుంది. అల్పపీడనానికీ వాయుగుండానికీ పేరు ఉండదు.

'సైక్లోన్' అన్న పదాన్ని 1848 ప్రాంతంలో కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ ప్రవేశపెట్టాడు. చుట్టచుట్టుకున్న పామును స్ఫురింపజేసే గ్రీకు మూలం నుంచి ఆయన దానిని కల్పించాడు. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవును ముంచిన గాలివానలు ఆయన పరిశీలించిన వాటిలో ఉన్నాయి. ఆ విధంగా నేటి అంతర్జాతీయ పదం వెనుక ఒక తెలుగు రేవు విషాదం కూడా ఉంది.

విహారనౌక ఒక్కొక్క రేవు వద్ద ఆగే చోటును సూచించడానికి 'మజిలీ' అన్న పదాన్ని ఈ వ్యాసంలో వాడుతున్నాను. కాలినడకన, పల్లకీలలో కాశీకి వెళ్లిన కాలంలో యాత్రికుడి రోజు మజిలీలతోనే లెక్కకు వచ్చేది. మజిలీల వరుసే ప్రయాణక్రమం. ఈ పాత పదం కొత్త సందర్భానికి చక్కగా సరిపోతుంది.

3. తుఫాను గమనం – నౌక గమనం:

బాటసారికి, ఓడకు తుఫాను నేర్పే పాఠాలు పరస్పర విరుద్ధాలు. నేలమీద వెళ్లేవాడు గాలివాన వస్తే ఆగాలి. వాగు తగ్గేదాకా మజిలీలో ఉండిపోవడమే క్షేమం. ఓడకు ఆగడం క్షేమం కాదు. రేవులో కట్టిన ఓడను గాలీ కెరటాలూ బెర్త్‌కేసి కొడతాయి. మోకులు తెగుతాయి. ఓడతోపాటు రేవూ దెబ్బతింటుంది. అందుచేత పెద్ద తుఫాను వస్తున్నప్పుడు రేవు అధికారులు నౌకలను బయటి సముద్రానికి పంపివేస్తారు. నేలమీద ఆగడం రక్షణ అయితే, నీటిమీద కదలడం రక్షణ. విహారనౌక ప్రయాణక్రమం ఎందుకు మారుతుందన్న ప్రశ్నకు మూల సమాధానం ఇదే.

నౌకకు ఒక అనుకూలత ఉంది. బంగాళాఖాతంలో తుఫాను సాధారణంగా గంటకు 15 నుంచి 20 కి.మీ. వేగంతో కదులుతుంది. విహారనౌక 20 నాట్ల వేగంతో, అంటే గంటకు సుమారు 37 కి.మీ. వేగంతో ప్రయాణించగలదు. తుఫాను లోపలి గాలి ఎంత ఉధృతమైనా, మొత్తంగా దాని నడక ఓడ నడక కంటే నెమ్మది. ముందుగా తెలిస్తే తప్పించుకోవచ్చు.

ఏ వైపు తప్పించుకోవాలన్నది రెండో ప్రశ్న. ఉత్తరార్ధగోళంలో తుఫాను గాలులు అపసవ్యదిశలో తిరుగుతాయి. తుఫాను కదిలే దిశకు కుడివైపున, తిరిగే గాలికి ముందుకు సాగే వేగం తోడవుతుంది. అక్కడి గాలి ఓడను తుఫాను మార్గంలోకే నెడుతుంది. అందుకే నావికులు ఆ భాగాన్ని ప్రమాదకర అర్ధవృత్తం అంటారు.

ఎంత దూరంగా ఉండాలన్నది మూడో ప్రశ్న. అంచనాలో పొరపాటుకు అవకాశం కల్పిస్తూ నావికులు '1-2-3 సూత్రం' పాటిస్తారు. తుఫాను కేంద్రం ఉంటుందని అంచనా వేసిన చోటు చుట్టూ, 34 నాట్ల గాలి వ్యాపించే దూరానికి 24 గంటల అంచనాకైతే 100, 48 గంటలకైతే 200, 72 గంటలకైతే 300 నాటికల్ మైళ్లు కలపాలి. ఆ వలయంలోకి ఓడ వెళ్లకూడదు. 300 నాటికల్ మైళ్లంటే సుమారు 555 కి.మీ. ఉదాహరణకు గాలి వ్యాప్తి 200 కి.మీ. అనుకుంటే, మూడు రోజుల ముందు గీసే వలయం వ్యాసం సుమారు 1,500 కి.మీ. అవుతుంది. బంగాళాఖాతం గరిష్ఠ వెడల్పు సుమారు 1,600 కి.మీ. మాత్రమే. అంటే ఒక్క తుఫాను అంచనా అఖాతం వెడల్పునంతటినీ దాదాపు ఆక్రమిస్తుంది. మూడు వైపులా నేల ఉన్న ఈ సముద్రంలో ఓడకు దక్షిణానికి దిగిపోవడం, బయలుదేరకపోవడం అన్న రెండు మార్గాలే తరచుగా మిగులుతాయి.

4. ప్రయాణక్రమంలో వచ్చే మార్పులు:

తుఫాను కారణంగా విహారనౌక ప్రయాణక్రమంలో వచ్చే మార్పులను ఐదు విధాలుగా విభజించవచ్చు.

అ) మజిలీల వరుస మారడం: ముందు చూడవలసిన రేవు తరువాతకు, తరువాతిది ముందుకు జరుగుతుంది.
ఆ) మజిలీ తొలగడం: రేవు మూతపడితే, లేదా అలల ఉధృతి వల్ల చిన్న పడవలలో ప్రయాణికులను ఒడ్డుకు చేర్చడం సాధ్యం కాకపోతే, ఆ రోజు సముద్రంమీదనే గడుస్తుంది.
ఇ) దిశ పూర్తిగా మారడం: తూర్పు ద్వీపాలకు బయలుదేరిన ఓడ పడమటి ద్వీపాలకు వెళ్తుంది.
ఈ) ఆలస్యంగా బయలుదేరడం, లేదా ప్రయాణం కుదించుకోవడం.
ఉ) తిరిగి చేరవలసిన రేవు మూతపడటం: ఇది ప్రయాణికుడికి అన్నింటికంటే కష్టమైనది.

చివరి రకానికి 2017 ఆగస్టులో టెక్సాస్ తీరాన్ని తాకిన హార్వీ తుఫాను ఉదాహరణ. గాల్వెస్టన్ రేవు మూతపడింది. అక్కడికి తిరిగి రావలసిన ఓడలలోని వేలాది ప్రయాణికులు సముద్రంమీదనే నిలిచిపోయారు. కార్నివాల్ సంస్థ ఓడలు కొన్ని నీటికోసం, సరుకులకోసం న్యూ ఆర్లియన్స్ రేవుకు వెళ్లాయి. రాయల్ కరీబియన్ సంస్థ ఓడ 'లిబర్టీ ఆఫ్ ది సీస్' మయామీ చేరింది. ఆ ప్రయాణికులు ప్రాణాలతో, భోజన వసతులతో ఉన్నారు. కానీ వారి ఇళ్లు, కార్లు, విమాన టికెట్లు, ఉద్యోగాలు అన్నీ మునుగుతున్న నేలమీద ఉన్నాయి.

1998 అక్టోబరులో మిచ్ తుఫాను సమయంలో 'ఫాంటోమ్' అనే తెరచాప విహారనౌకకు జరిగింది ఇంతకంటే విషాదకరం. ప్రయాణికులను బెలీజ్ నగరంలో దింపివేసి, ఓడను కాపాడుకోవడానికి సిబ్బంది సముద్రంలోకి వెళ్లారు. తుఫాను అంచనాకు భిన్నంగా కదిలింది. ఓడతోపాటు 31 మంది సిబ్బంది మరణించారు. ప్రయాణికుడి క్షేమం గురించి మాట్లాడేటప్పుడు ఓడ నడిపేవారి ప్రాణం కూడా అదే లెక్కలో ఉండాలని ఈ ఘటన చెబుతుంది.

తెలుగు తీరంలో విహారనౌకల చరిత్ర కొత్తది. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థకు చెందిన 'ఎంప్రెస్' నౌక విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నై దిశగా యాత్రలు ప్రారంభించింది. 2023 సెప్టెంబరు 4న విశాఖలో అంతర్జాతీయ విహారనౌకల టెర్మినల్ ప్రారంభమైంది. బంగాళాఖాతంలో తుఫానులు ప్రధానంగా ఏప్రిల్–జూన్ మధ్య ఒకసారి, అక్టోబరు–డిసెంబరు మధ్య మరొకసారి వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నేరుగా విశాఖ వద్దనే తీరం దాటింది. కాబట్టి ఈ తీరంలో విహారనౌకకు కాలనిర్ణయమే మొదటి జాగ్రత్త. వేసవి సెలవులూ దసరా, దీపావళి సెలవులూ పర్యాటకులకు అనుకూలమైన రోజులు. తుఫాను కాలాలు కూడా వాటిని ఆనుకునే ఉన్నాయి.

ఆవిరి ఓడల కాలంలో ఈ జాగ్రత్తకు తగిన సమాచారం అందేది కాదు. 1887 మే నెలలో కలకత్తా నుంచి పూరీ యాత్రికులతో బయలుదేరిన 'సర్ జాన్ లారెన్స్' ఓడ ఒడిశా తీరం సమీపంలో తుఫానుకు చిక్కి మునిగింది. వందలాది యాత్రికులు మరణించారు. నేటి విహారనౌక ప్రయాణికుడు పోగొట్టుకునేది సాధారణంగా ఒక మజిలీని. నాటి యాత్రికుడు పోగొట్టుకున్నది ప్రాణాన్ని. ఈ రెంటి మధ్య ఉన్న తేడా ఓడ పరిమాణం ఒక్కటే కాదు. ముందుగా తెలియడం, తెలిసినదాన్ని బట్టి దారి మార్చే అధికారం ఒకరికి ఉండటం ప్రధానం.

5. ప్రయాణికుడి స్థితి – టికెట్టు చేసే పని:

విహారనౌక టికెట్టు ఒక ఒప్పందం. వాతావరణం, భద్రత కారణాలతో మజిలీలను మార్చే, తొలగించే హక్కు సంస్థకు ఉంటుందని ఆ ఒప్పందాలలో సాధారణంగా రాసి ఉంటుంది. మజిలీ తప్పితే ఆ రేవుకు చెల్లించిన సుంకాన్ని తిరిగి ఇవ్వడం పరిపాటి. అంతకుమించి ఇచ్చే పరిహారం చాలావరకు సంస్థ విచక్షణపై ఆధారపడుతుంది. ప్రయాణ బీమా కూడా తుఫాను ఏర్పడిందని ప్రకటించిన తరువాత కొంటే, ఆ తుఫానుకు సాధారణంగా వర్తించదు. తెలిసిన ఆపదకు బీమా ఉండదన్నది అక్కడి సూత్రం.

ఈ నిబంధనలు సంస్థకే అనుకూలమని అనిపించవచ్చు. కానీ వీటిలో ఒక తర్కం ఉంది. మజిలీ మారిస్తే భారీ పరిహారం చెల్లించాలనే నియమం ఉంటే, దారి మార్చడానికి సంస్థ వెనుకాడుతుంది. కెప్టెన్‌పై ఒత్తిడి పెరుగుతుంది. ప్రయాణికుడు వినోదాన్ని వదులుకోవడం ద్వారా భద్రతను పొందుతున్నాడు. అయితే ఈ మార్పిడి న్యాయంగా ఉండాలంటే మార్పు గురించి ముందుగా, స్పష్టంగా, అతనికి అర్థమయ్యే భాషలో చెప్పాలి.

రైలు ప్రయాణికుడి స్థితి కొంత భిన్నం. రైలు రద్దయితే పూర్తి డబ్బు తిరిగి వస్తుంది. మూడు గంటలకు మించి ఆలస్యమై, ప్రయాణికుడు ఎక్కకపోతే నిబంధనల ప్రకారం పూర్తి మొత్తం కోరవచ్చు. కానీ రైలుకు ఓడకున్న స్వేచ్ఛ లేదు. అది పట్టాలు విడిచి పక్కకు తప్పుకోలేదు. 1964 డిసెంబరు 22 రాత్రి పాంబన్ నుంచి ధనుష్కోటికి వెళ్తున్న రైలును ఉప్పెన తుడిచిపెట్టింది. 2005 అక్టోబరు 29న రేపల్లె–సికింద్రాబాద్ డెల్టా ప్యాసింజర్ వలిగొండ దగ్గర ప్రమాదానికి గురైంది. భారీ వానలకు చెరువు తెగి, వంతెన వద్ద పట్టాల కింది నేల కొట్టుకుపోవడం దానికి కారణం. 100 మందికి పైగా మరణించారు. ధనుష్కోటి సముద్రం అంచున ఉంది. వలిగొండ తీరానికి ఎంతో దూరంలో ఉంది. ప్రయాణికుడి విషయంలో తీరానికీ లోనాడుకూ మధ్య గీసే గీత ఎంత బలహీనమో ఈ రెండు ఘటనలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

దీనినుంచి ఒక క్రమం ఏర్పడుతుంది. ఓడ పక్కకు తప్పుకోగలదు. రైలు ఆగగలదు గాని తప్పుకోలేదు. రోడ్డుమీది వాహనానికి ఆగమని చెప్పే వ్యవస్థే చాలా సందర్భాలలో ఉండదు. టికెట్టు కూడా ఇదే క్రమంలో పలచబడుతుంది. ఓడ ప్రయాణికుడి పేరు, చిరునామా, ఆరోగ్య వివరం సంస్థ వద్ద ఉంటాయి. రిజర్వేషన్ ఉన్న రైలు ప్రయాణికుడికి ఫోనుకు సందేశం వస్తుంది. జనరల్ పెట్టెలో ఉన్నవాడికి ప్లాట్‌ఫారం ప్రకటనే ఆధారం. అద్దె వాహనంలో ఉన్నవాడికి ఏ జాబితాలోనూ చోటు లేదు.

6. పశ్చిమ కర్నూలు – పేరులేని తుఫాను:

ఆదోని చెన్నై–ముంబయి ప్రధాన రైలు మార్గంలో, గుంతకల్లు–రాయచూరు మధ్య ఉంది. ఈ మార్గం కోసిగి మీదుగా మంత్రాలయం రోడ్ స్టేషన్ చేరి, అక్కడ తుంగభద్రను దాటి కర్ణాటకలోకి వెళ్తుంది. ఎమ్మిగనూరు పట్టణానికి రైలు లేదు. అక్కడివారు రోడ్డుమీదనే ఆధారపడాలి. ఒక కొస చెన్నైలో, మరొక కొస ముంబయిలో ఉన్న మార్గంపై నివసించడం అంటే రెండు సముద్రాల తుఫానులకూ లోబడి ఉండటమే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను చెన్నైని ముంచినప్పుడు చెన్నై సెంట్రల్ నుంచి బయలుదేరవలసిన రైళ్లు అనేకం రద్దయ్యాయి. ఆకాశం నిర్మలంగా ఉన్న ఊళ్లోనూ ప్రయాణం ఆగిపోవచ్చునని ఇలాంటి సందర్భాలు చూపిస్తాయి.

అయితే ఈ ప్రాంత ప్రయాణికుడికి ఎదురైన అతిపెద్ద విపత్తు పేరున్న ఏ తుఫానూ తెచ్చింది కాదు. 2009 సెప్టెంబరు చివరి రోజుల్లో బంగాళాఖాతంలో ఏర్పడిన అల్పపీడనం లోనాడువైపు కదిలింది. దాని ప్రభావంతో ఉత్తర కర్ణాటకలోనూ, కర్నూలు, మహబూబ్‌నగర్ పరిసరాలలోనూ అతి భారీ వర్షాలు కురిశాయి. తుంగభద్ర, కృష్ణ, హంద్రీ నదులు ఒకేసారి పొంగాయి. శ్రీశైలం జలాశయానికి చేరిన ప్రవాహం సుమారు 25 లక్షల క్యూసెక్కులకు పెరిగింది. అది ఆ జలాశయాన్ని నిర్మించినప్పుడు లెక్కవేసిన గరిష్ఠ వరదను మించింది. అక్టోబరు 2న కర్నూలు నగరం మునిగింది. అదే సమయంలో మంత్రాలయంలో శ్రీ రాఘవేంద్రస్వామి మఠ ప్రాంగణంలోకి, చుట్టుపక్కల వీధులలోకి తుంగభద్ర నీరు చేరింది. యాత్రికులు పై అంతస్తులకు ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. వారిని తరలించడానికి పడవలు, హెలికాప్టర్లు రావలసి వచ్చింది.

ఆ ఏడు విజయదశమి సెప్టెంబరు 28న వచ్చింది. అక్టోబరు 2 గాంధీ జయంతి సెలవు, శుక్రవారం. దసరా సెలవుల యాత్రలు, వారాంతం కలిసిన రోజులవి. మంత్రాలయానికి వచ్చేవారిలో కర్ణాటక నుంచి వచ్చేవారు అధికం. తమ ఊళ్లనుంచి బయలుదేరేటప్పుడు వారు సముద్రాన్ని తలచుకుని ఉండే అవకాశం లేదు. వారు వెళ్లింది తీరానికి కాదు, పీఠభూమి మధ్యలో ఉన్న ఒక నదీక్షేత్రానికి.

ఈ ఘటనను విహారనౌక ఉదాహరణతో పోల్చి చూడాలి. గాల్వెస్టన్ చేరలేని ఓడ ప్రయాణికులూ, మంత్రాలయంలో చిక్కిన యాత్రికులూ తిరిగివెళ్లే దారి మూసుకుపోయినవారే. ఓడకు తన చుట్టూ ఉన్న నీరే దారి. యాత్రికుడికి అదే నీరు అడ్డుగోడ. ఓడలో ఒక కెప్టెన్ ఉన్నాడు. తుఫాను వలయాన్ని పటంమీద గీసి, ఫలానా రేవుకు వెళ్లడం లేదని నిర్ణయించే అధికారం అతనికి ఉంది. క్షేత్రానికి వస్తున్న వందల వాహనాలకు, బస్సులకు అలాంటి ఒక్క నిర్ణయకర్త ఉండడు. ప్రతి కుటుంబమూ తనకు తానే కెప్టెన్. చేతిలో పటం మాత్రం లేదు.

7. హెచ్చరిక భాష – సుగ్గికి వెళ్లేవారు:

భారత వాతావరణ శాఖ తుఫాను హెచ్చరికలను నాలుగు దశలుగా ఇస్తుంది. 72 గంటల ముందు పూర్వ పరిశీలన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక. తీరం దాటడానికి కనీసం 12 గంటల ముందు ఇచ్చే నాలుగో ప్రకటన, తీరం దాటిన తరువాత తుఫాను ఏ దిశగా వెళ్తుందో, లోపలి ప్రాంతాలలో ఎలాంటి వాతావరణం ఉంటుందో చెబుతుంది. ఆదోని, ఎమ్మిగనూరు వంటి ఊళ్లకు నేరుగా ఉపయోగపడేది ఈ నాలుగో దశ. కానీ తుఫాను కేంద్రం తీరం దాటే వేళ వార్తలన్నీ తీరంమీదనే ఉంటాయి. లోనాడును ఉద్దేశించిన మాట, వినవలసినవారు వినని సమయంలో వెలువడుతుంది.

రేవులలో ఎగరవేసే ప్రమాద సూచికలు మరొక భాష. 1 నుంచి 11 వరకు ఉన్న ఈ సంఖ్యలను వార్తలలో తరచుగా వింటాం. ఇవి నావికులకోసం ఏర్పడినవి. 1, 2 సంఖ్యలు దూరసముద్రంలోని వాతావరణాన్ని సూచిస్తాయి. 3, 4 రేవుకు ముప్పు రావచ్చునంటాయి. 5 నుంచి 7 వరకు ప్రమాదాన్ని, 8 నుంచి 10 వరకు మహాప్రమాదాన్ని తెలుపుతాయి. తుఫాను రేవుకు ఏ పక్కనుంచి దాటుతుందన్నది ఆ రెండు వరుసలలోనూ సంఖ్యను నిర్ణయిస్తుంది. 11 సమాచార సంబంధాలు తెగిపోయాయని చెబుతుంది. కాబట్టి 5 కంటే 6 ఎక్కువ ప్రమాదం అనుకోవడం సరికాదు. అవి దిశను చెప్పే సంఖ్యలు. నావికుడికి స్పష్టమైన ఈ భాష సామాన్య శ్రోతకు చేరేసరికి కేవలం పెరిగే అంకెగా మిగులుతుంది.

2009 నాటి అల్పపీడనం తుఫానుగా మారలేదు. అందుచేత దానికి పేరు లేదు. తుఫానుకు ఉద్దేశించిన నాలుగు దశలూ దానికి వర్తించవు. భారీ వర్షానికి, నదీ వరదకు వేరే హెచ్చరికలు ఉన్నాయి. కానీ ప్రజల చెవి పేరుకు అలవాటు పడింది. హుద్‌హుద్, తిత్లీ, మిచౌంగ్ అని పేరు వినిపిస్తే ప్రయాణం వాయిదా వేసుకునేవారు 'అల్పపీడనం' అంటే వాన పడుతుందనుకుని బయలుదేరతారు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో విజయవాడను, ఖమ్మం, మహబూబాబాద్ ప్రాంతాలను ముంచిన వానలు కూడా పేరులేని వాయుగుండం తెచ్చినవే. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. వందల రైళ్లు రద్దయ్యాయి. గాలిని కొలిచే పేరు వానను కొలవదన్న సంగతి లోనాటి ప్రయాణికుడికి ప్రాణావసరమైన జ్ఞానం.

ఈ చర్చలో అందరికంటే తక్కువగా కనిపించే ప్రయాణికుడు పశ్చిమ కర్నూలులోనే ఉన్నాడు. కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు, కౌతాళం వంటి మండలాల నుంచి ఖరీఫ్ పనులు ముగిశాక కుటుంబాలు పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరు వైపు, తెలంగాణ వైపు, కట్టడాల పనికి బెంగళూరుకు తరలివెళ్తాయి. ఇక్కడివారు దీనిని 'సుగ్గి' అంటారు. పంటకోతను, ఆ కాలపు సంబరాన్ని తెలిపే మాట ఈ నేలమీద వలసకు పేరైంది. వానలు సరిగా లేని ఊరినుంచి మనిషి నల్లమలకు అవతల, తుఫాను తగిలే జిల్లాలకు సరిగ్గా తుఫానుల కాలంలో చేరుకుంటాడు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తీరం దాటింది బాపట్ల సమీపంలో. అది పత్తి, మిరప పండే నేలలకు చేరువలోని తీరం.

సుగ్గికి వెళ్లేవారి ప్రయాణక్రమం మేస్త్రీ నోటిమాటలో ఉంటుంది. వాహనం సరుకుదో, అద్దెదో అవుతుంది. బస పొలం గట్టున వేసుకున్న గుడారం. పని ఆగిన రోజుకు కూలి రాదు. తిరిగి రావడానికి టికెట్టు లేదు గనుక తిరిగి ఇవ్వవలసిన డబ్బూ లేదు. వారి ఊరికి ఇచ్చిన హెచ్చరిక వారికి అందదు. వారున్న ఊరికి ఇచ్చిన హెచ్చరిక, అక్కడి ఓటర్ల జాబితాలో, రేషన్ జాబితాలో లేని వారిని వెతుక్కుంటూ రాదు. మజిలీ తప్పిన విహారనౌక ప్రయాణికుడి అసంతృప్తికి కనీసం ఒక ఫిర్యాదు పత్రం ఉంది. ఈ ప్రయాణికుడి నష్టానికి పద్దు కూడా లేదు.

8. ముగింపు:

తుఫాను, ప్రయాణం మధ్య సంబంధాన్ని విహారనౌక మొదలుకొని సుగ్గి బండి వరకు పరిశీలించినప్పుడు ఈ అంశాలు స్పష్టమవుతాయి.

1. తుఫాను ఎదురైనప్పుడు ఓడ కదలడం, నేలమీది ప్రయాణికుడు ఆగడం రక్షణ మార్గాలు. విహారనౌకల మజిలీలు మారడానికి ఇదే భౌతిక కారణం. బంగాళాఖాతం ఇరుకైనది కావడం వల్ల ఇక్కడ కాలనిర్ణయానికి ప్రాధాన్యం ఎక్కువ.

2. ప్రయాణికుడిని కాపాడేది ముందస్తు సమాచారం, నిర్ణయించే అధికారం, ప్రయాణికుల జాబితా. ఈ మూడూ విహారనౌకలో ఒకేచోట ఉన్నాయి. రైలులో కొంతమేరకు ఉన్నాయి. యాత్రికుల వాహనాలలో, వలస కూలీల వాహనాలలో దాదాపు లేవు.

3. తుఫానుకు పేరు పెట్టే పద్ధతి గాలివేగంపై ఆధారపడింది. లోనాటి ప్రయాణికుడికి ముప్పు తెచ్చేది ఎక్కువగా వాన, వరద. 2009 మంత్రాలయం ఘటన, 2024 నాటి రైలు మార్గాల నష్టం పేరులేని అల్పపీడన, వాయుగుండాల ఫలితాలు.

4. హెచ్చరికను ప్రాంతానికి మాత్రమే కాక ప్రయాణానికీ ఇవ్వాలి. మంత్రాలయం వంటి క్షేత్రంలో తుంగభద్ర నీటిమట్టం గురించిన సూచన తెలుగుతోపాటు కన్నడంలోనూ, బయలుదేరే ఊళ్లలోనే అందాలి. సుగ్గికి వెళ్లే కుటుంబాల వివరాలు బయలుదేరే పంచాయతీలో నమోదై, చేరే పంచాయతీకి తెలియాలి.

ఈ నాలుగో అంశంలో తెలుగు అధ్యయనశాఖలకు కూడా పని ఉంది. వాతావరణ పదజాలాన్ని మాండలికాలతో అనుసంధానించడం, 'అల్పపీడనం' అన్న మాట కోసిగిలో ఏ అర్థంలో వినిపిస్తుందో క్షేత్రపర్యటన ద్వారా నమోదు చేయడం పరిశోధకులు చేపట్టదగిన అంశాలు. ముసురు, జడివాన, గాలివాన, ఉప్పెన అన్న మాటలు ఒక్కొక్కటి ఒక్కొక్క ముప్పును గుర్తుపట్టిన తరాల జ్ఞానం. హెచ్చరిక ఆ మాటలలో పలికితే, రేవు సూచికలు ఎన్నడూ చూడని ప్రయాణికుడికి కూడా ఎప్పుడు ఆగాలో తెలుస్తుంది.